పాలెస్ట్రీనా మాస్ ఒకటే అయినా రికార్డింగులు ఇన్ని రకాలుగా ఎందుకున్నాయి?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. 16వ శతాబ్దపు ఇటాలియన్ స్వరకర్త పాలెస్ట్రీనా రచించిన 'మిస్సా పాపే మార్చెల్లి' అనే మాస్‌ను (కాథలిక్ ప్రధాన ఆరాధనకు స్వరపరచిన కృతిని) మీరు మూడు బృందాల రికార్డింగుల్లో విన్నారు. ఒకదానిలో పై గొంతులు స్త్రీలవి, శ్రుతి బాగా హెచ్చుగా ఉంది. రెండోదానిలో అందరూ పురుషులే, శ్రుతి చాలా తగ్గింది. మూడోదానిలో మాటలు ప్రతిధ్వనిలో కలిసిపోయి విడివిడిగా వినిపించలేదు. వీటిలో అసలైనది ఏది, మొదట ఏది వినాలి అని అడిగారు. కర్ణాటక సంగీతం బాగా విన్న చెవి మీదనీ, ఈ సంగీతం మాత్రం కొత్తదనీ రాశారు.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. పీటర్ ఫిలిప్స్ 1973లో స్థాపించిన టాలిస్ స్కాలర్స్ బృందం ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాల ప్రార్థనాలయంలో 1980లో చేసిన రికార్డింగుతో మొదలుపెట్టండి. ఆరు గొంతులూ, అంటే ఒకేసారి సాగే ఆరు స్వరవరుసలూ, ఆరు దారాల్లా విడిగా వినిపిస్తాయి కనుక కొత్త చెవికి అంతకంటే మంచి ప్రవేశం నాకు తెలియదు. అయితే అందులో వినిపించే నిర్మలమైన, ఎత్తయిన, కంపనం లేని ధ్వని 16వ శతాబ్దపు రోములో వినిపించిన ధ్వని అని మాత్రం అనుకోకండి. అది 20వ శతాబ్దం చివరి భాగంలో ఇంగ్లండులో రూపుదిద్దుకున్న ధ్వని. నాకు అదంటే చాలా ఇష్టం. కానీ ఇష్టం వేరు, చరిత్ర వేరు.

ఇక మొదటి ప్రశ్న. 1567లో రోములో అచ్చయిన పాలెస్ట్రీనా రెండో మాస్‌ల సంపుటిలో ఈ కృతి ఉంది. ఆ పుటల మీద స్వరాలున్నాయి, లాటిన్ మాటలున్నాయి. వేగం ఎంతో లేదు. ఎక్కడ పెద్దగా, ఎక్కడ మెల్లగా పాడాలో లేదు. ఒక్కో గొంతుకు ఎంతమంది పాడాలో లేదు. కొన్ని చోట్ల స్వరాన్ని అర్ధస్వరం పెంచాలా తగ్గించాలా అన్నది కూడా గాయకుల పరిజ్ఞానానికే వదిలేశారు. అన్నిటికంటే ముఖ్యంగా, రాసిన స్వరం ఏ శ్రుతికి చెందుతుందో ఎక్కడా లేదు. ఆనాటి గాయకులకు ఇవన్నీ నోటితో, అలవాటుతో తెలిసిన సంగతులు. ఆ అలవాటు మనకు అందలేదు. అందువల్ల నేటి ప్రతి రికార్డింగు వెనుకా, పుట చెప్పని ఈ సంగతులపై ఆ బృందనాయకుడు తీసుకున్న నిర్ణయాలు ఉంటాయి. మీరు విన్న మూడింటి మధ్య తేడాలన్నీ ఆ నిర్ణయాల తేడాలే.

శ్రుతి విషయం ముందు చూద్దాం, ఎందుకంటే మీరు గమనించిన పెద్ద తేడా అక్కడే ఉంది. మన కచేరీలో గాయకుడు ఒకటి శ్రుతికీ, గాయని అయిదు శ్రుతికీ అదే కృతిని పాడితే కృతి మారిందని ఎవరూ అనరు. పాలెస్ట్రీనా కాలపు గాయకులకు కూడా కాగితం మీది స్వరం ఒక స్థిరమైన కంపనసంఖ్య కాదు. స్వరాల మధ్య దూరాలు మాత్రమే స్థిరం. ఆ రాతలో ఐదు గీతల మొదట క్లెఫ్ అనే గుర్తు ఉంటుంది. ఒక్కో కృతిలో గొంతులన్నిటికీ కలిపి ఆ గుర్తులు సాధారణంగా రెండు రకాల కూర్పుల్లో కనిపిస్తాయి. ఒకటి మామూలు కూర్పు, రెండోది హెచ్చు కూర్పు. రెండోదాన్ని ఇటాలియన్‌లో కియవెట్టె అంటారు. హెచ్చు కూర్పులో ఉన్న కృతిని రాసిన దానికంటే నాలుగో స్వరం లేదా అయిదో స్వరం మేరకు దించి పాడేవారని చెప్పడానికి ఆనాటి శాస్త్రగ్రంథాల్లోనూ ఆర్గన్ వాయించేవారికి రాసిచ్చిన పుటల్లోనూ ఆధారాలున్నాయి. మిస్సా పాపే మార్చెల్లి హెచ్చు కూర్పులో ఉన్న కృతే. దాన్ని దించకుండా, రాసిన స్వరాలను నేటి పియానో శ్రుతికి పాడితే పై గొంతుకు స్త్రీలో చిన్నపిల్లలో తప్పనిసరి. నాలుగో స్వరం మేరకు దించితే అదే వరుస పురుషుల పై గొంతుకు హాయిగా అందుతుంది. మీరు విన్న మొదటి రెండు రికార్డింగుల మధ్య దూరమంతా ఈ ఒక్క నిర్ణయంలో ఉంది. పురుషులు మాత్రమే పాడే ఇటలీ బృందం ఒదెకాతోన్ రికార్డింగును, దానికి ముందుతరానికి చెందిన ప్రో కాంతియోనే ఆంటీక్వా రికార్డింగును పక్కపక్కన పెట్టుకొని వింటే, ఈ మాస్ మెరుపు కంటే బరువు ఎక్కువగా ఉన్న సంగీతంగా తోస్తుంది. చారిత్రకంగా దించి పాడటమే సరైనదని నా అభిప్రాయం.

ఇంగ్లండులో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన దారి నడిచింది. టాలిస్, బర్డ్, షెపర్డ్ వంటి 16వ శతాబ్దపు ఇంగ్లీషు స్వరకర్తల కృతులను రాసినదానికంటే మూడు అర్ధస్వరాలు పెంచి పాడాలని సంగీత పరిశోధకుడు డేవిడ్ వుల్‌స్టన్ వాదించాడు. తన బృందం క్లర్క్స్ ఆఫ్ ఆక్సెన్‌ఫర్డ్‌తో అలాగే పాడించి రికార్డు చేశాడు. ఆ ఎత్తులో యువతుల కంపనం లేని గొంతులు మెరిసిన తీరు ఒక తరం గాయకులను పూర్తిగా ఆకట్టుకుంది. తరువాతి పరిశోధకులు ఆ సిద్ధాంతాన్ని గట్టిగా ప్రశ్నించారు. సిద్ధాంతం బలహీనపడినా, ఆ ధ్వని మాత్రం రికార్డుల ద్వారా ప్రపంచమంతా పాకి, పునరుజ్జీవన కాలపు సంగీతమంటే ఇలాగే ఉంటుందన్న భావనను స్థిరపరచింది.

ఈ భావనను కాస్త కదిలించే ఆధారం ఒకటి రికార్డుల చరిత్రలోనే ఉంది. 1902లోనూ 1904లోనూ గ్రామఫోన్ కంపెనీవారు రోములో పోపు ప్రార్థనాలయమైన సిస్టీన్ గాయకులను రికార్డు చేశారు. బాల్యంలోనే వృషణాలు తొలగించడం వల్ల గొంతు మారని కాస్త్రాతో గాయకుల్లో చివరివారిలో ఒకడైన అలెస్సాండ్రో మొరెస్కీ వారిలో ఉన్నాడు. ఆ ముక్కల్లో స్వరం నుంచి స్వరానికి జారుడు ఉంది, వణుకు ఉంది, భావోద్వేగం పొంగిపొరలుతుంది. అది పాలెస్ట్రీనా కాలపు శైలి అని చెప్పలేం. మధ్యలో మూడు శతాబ్దాలు గడిచాయి, ఇటాలియన్ ఒపెరా వచ్చిపడింది. కానీ సిస్టీన్ గాయకుల ధ్వనికి మన దగ్గరున్న అత్యంత పాత సాక్ష్యం, నేడు మనం స్వచ్ఛమని పిలిచే ధ్వనికి చాలా దూరంగా ఉందన్నది నిజం. పై గొంతు సంగతి మరువకూడదు: ఆ ప్రార్థనాలయంలో స్త్రీలు పాడలేదు. బాలురు, ఫాల్సెట్టో (పల్చని కృత్రిమ హెచ్చుగొంతు) పాడే పురుషులు, తరువాత కాస్త్రాతోలు పాడారు. బాలుర గొంతు ఎలా ఉంటుందో తెలియాలంటే లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కథీడ్రల్ బృందం జార్జ్ మాల్కమ్ నాయకత్వంలో 1959లో రికార్డు చేసిన, స్పానిష్ స్వరకర్త విక్టోరియా రాసిన టెనెబ్రే గీతాలు (ఈస్టర్‌కు ముందు వారంలో పాడేవి) వినండి. కేంబ్రిడ్జ్ పిల్లల మృదువైన గొంతుకు భిన్నంగా, ఇక్కడి బాలుర గొంతులో పదును ఉంటుంది. శోకవారపు గీతాలకు ఆ పదును ఎంత అవసరమో విన్నప్పుడే తెలుస్తుంది.

ఎంతమంది పాడాలన్న ప్రశ్న చూడటానికి చిన్నదే, వినడానికి మాత్రం చాలా పెద్ద తేడా తెస్తుంది. నేను చాలాకాలంగా ఒక గాయకబృందంలో టెనర్‌గా (పురుషుల హెచ్చు గొంతు) పాడుతున్నాను కనుక దీన్ని లోపలినుంచి చెప్పగలను. ఒక వరుసకు ఇద్దరు ఉంటే ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు మరొకరు స్వరాన్ని మోస్తారు. వినేవారికి ఆ వరుస ఎక్కడా తెగదు. టాలిస్ స్కాలర్స్ పద్ధతి ఇదే, వారి ధ్వని అంత అతుకులు లేకుండా సాగడానికి ఇదొక ప్రధాన కారణం. వరుసకు ఒక్కరే ఉంటే ఊపిరి దాచడం సాధ్యం కాదు. అప్పుడు వాక్యం ఎక్కడ ముగిసిందో, ఏ మాటకు ముందు గాయకుడు ఆగాడో అన్నీ తెలుస్తాయి. సంగీతం సంభాషణలా మారుతుంది. 1974 నుంచి 2014 వరకు పాడిన హిలియర్డ్ ఎన్సెంబుల్ రికార్డింగుల ఆకర్షణ చాలావరకు ఇదే. చరిత్రలో రెండు పద్ధతులూ ఉన్నాయి. ఆంత్వాన్ బ్రూమెల్ రాసిన పన్నెండు గొంతుల 'భూకంప మాస్'కు మ్యూనిక్‌లో ఉన్న రాతప్రతిలో, ఓర్లాండో దె లాస్సుస్ నడిపిన ఆస్థాన బృందంలో ఏ వరుస ఎవరెవరు పాడారో పేర్లతో సహా రాసి ఉంది. ఇటువంటి కాగితాలు దొరికినచోట ఊహాగానం అవసరం ఉండదు. దురదృష్టవశాత్తూ అవి చాలా అరుదు.

మీరు కర్ణాటక సంగీతం వింటారు కనుక, మిగతా కొత్త శ్రోతల కంటే మీకు త్వరగా పట్టుబడే విషయం ఒకటుంది. తంబురా చక్కగా శ్రుతి కలిసినప్పుడు ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే పలకడం మీరు వినే ఉంటారు. షడ్జంతో దాని నిష్పత్తి 5:4. పియానో మీది అదే గాంధారం దీనికంటే సుమారు 14 సెంట్లు హెచ్చుగా ఉంటుంది. ఒక అర్ధస్వరం 100 సెంట్లు అనుకుంటే ఇది చెవికి స్పష్టంగా తెలిసే తేడా. మంచి పాలిఫనీ (బహుస్వర సంగీతం) బృందం ఒక భాగాన్ని ముగించే చోట, వాద్యాల తోడు లేదు కనుక, గాంధారాన్ని ఆ సహజ స్థానానికి దించి నిలుపుతుంది. అప్పుడు గొంతులన్నీ ఒక్కసారిగా కుదురుకొని, పాడని పై స్వరాలు కూడా మోగుతున్నట్లు అనిపిస్తుంది. కంపనం తగ్గించి పాడటానికి అసలు కారణం ఇదే. గొంతు వణికితే ఈ కూడిక నిలవదు. మిస్సా పాపే మార్చెల్లి ప్రారంభ భాగమైన మొదటి కీరియె ముగింపు దగ్గర రికార్డింగును ఆపి, చివరి స్వరసముదాయాన్ని రెండు మూడు సార్లు వినండి. ఏ బృందం ఎంత శ్రుతిశుద్ధంగా పాడుతుందో ఆ కొన్ని క్షణాల్లో మీ చెవే తీర్పు చెబుతుంది.

మీ మూడో రికార్డింగులో మాటలు కలిసిపోవడానికి కారణం భవనం, మైకుల స్థానం. ఈ మాస్ విషయంలో అది తీవ్రమైన లోపమే. 16వ శతాబ్దంలో కాథలిక్ చర్చి జరిపిన ట్రెంట్ మహాసభ బహుస్వర సంగీతాన్ని నిషేధించబోతే ఈ కృతి విని మనసు మార్చుకున్నారన్న కథ మీరు చదివే ఉంటారు. ఆ కథ 1607 నాటి ఒక పుస్తకంలో తొలిగా కనిపిస్తుంది, దానికి రుజువు లేదు. కానీ దాని వెనుక నిజమైన సంఘటన ఒకటుంది. 1555లో కేవలం 22 రోజులు పోపుగా ఉన్న రెండో మార్చెల్లస్ శుభ శుక్రవారం నాడు తన గాయకులను పిలిపించి, మాటలు అర్థమయ్యేలా పాడాలని చెప్పాడు. ఆయన పేరు పెట్టుకున్న ఈ మాస్‌లోని గ్లోరియా, క్రేదో భాగాల్లో గొంతులు కలిసికట్టుగా ఒకే అక్షరాన్ని ఒకేసారి పలుకుతూ సాగుతాయి. ఆ అక్షరాలు వినిపించకపోతే స్వరకర్త శ్రమ వృథా అయినట్లే. టాలిస్ స్కాలర్స్ వారు తరువాతి కాలంలో నార్ఫోక్‌లోని సాల్ అనే పల్లెలో ఉన్న పెద్ద చర్చిని ఏరికోరి ఎంచుకొని అనేక రికార్డింగులు చేశారు. ప్రతిధ్వని ధ్వనికి నిండుదనం ఇవ్వాలి, మాటను మింగకూడదు. అటువంటి భవనాలు తక్కువ. సిస్టీన్ ప్రార్థనాలయంలోనే రికార్డు చేసిన ఆల్బమ్‌లు కూడా ఇప్పుడున్నాయి. మాస్సిమో పాలొంబెల్లా నాయకత్వంలో అక్కడి బృందం 2015లో ఒకటి, 2016లో ఈ మాస్‌తోనే మరొకటి డాయిచ్ గ్రామఫోన్ ద్వారా విడుదల చేసింది. గోడలు ఎలా పలుకుతాయో తెలుసుకోవడానికి అవి తప్పక వినవలసినవి.

అసలైనది అన్న మాటతో ఎంత జాగ్రత్తగా ఉండాలో గ్రెగోరియో అల్లెగ్రి 'మిసెరేరె' చెబుతుంది. నిజానికి ఇది 17వ శతాబ్దపు కృతి. అయినా పాలెస్ట్రీనా పక్కనే దాన్ని రికార్డు చేయడం ఆనవాయితీ అయింది. పైన చెప్పిన 1980 ఆల్బమ్‌లోనూ ఉంది. అందులో పై గొంతు ఒక్కసారిగా ఆకాశానికి లేచినట్లు తారస్థాయి సి స్వరాన్ని అందుకుంటుంది. 1963లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కళాశాల బృందం డేవిడ్ విల్‌కాక్స్ నాయకత్వంలో, ఇంగ్లీషు మాటలతో చేసిన రికార్డింగులో బాలుడు రాయ్ గుడ్‌మన్ ఆ స్వరాన్ని పాడాడు. కోట్లమందికి ఈ కృతి అంటే ఆ స్వరమే. కానీ అల్లెగ్రి దాన్ని రాయలేదు. 1831లో జర్మన్ స్వరకర్త మెండెల్సన్ రోములో తాను విన్న ఒక భాగాన్ని హెచ్చు శ్రుతిలో రాసుకున్నాడు. 1880లో ఒక సంగీత నిఘంటువులో ఆ ముక్కను మామూలు శ్రుతిలోని మరో ముక్క పక్కన అతికించి అచ్చువేశారు. తరువాతి సంపాదకులు ఆ అతుకునే కృతిగా తీసుకున్నారు. పొరపాటు నుంచి పుట్టిన స్వరమైనా అది అందమైనదే, దాన్ని విని కదిలిపోయినందుకు ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. అయితే దాని పక్కన, ఆనాటి గాయకులు అప్పటికప్పుడు చేర్చే అలంకారాలతో పాడిన 'ఆ సెయ్ వోచి' అనే బృందం రికార్డింగు కూడా వినండి. గమకాలకు, సంగతులకు అలవాటుపడిన మీకు అది మరీ పరాయిగా తోచదు.

పాలెస్ట్రీనా మాస్ కూడా చెక్కుచెదరకుండా నిలిచిన వస్తువేమీ కాదు. 17వ శతాబ్దం మొదట్లోనే రోమన్ స్వరకర్తలు దాన్ని తమ అవసరాలకు మార్చుకున్నారు. అనేరియో దాన్ని నాలుగు గొంతులకు కుదించాడు, సొరియానో ఎనిమిది గొంతులకు పెంచాడు.

వాద్యాల గురించి కూడా ఒక మాట. పాలిఫనీ అంటే గొంతులే అన్న భావన రోములోని పోపు ప్రార్థనాలయానికి సరిపోతుంది కానీ ఐరోపా అంతటికీ కాదు. స్పెయిన్‌లోని సెవీల్ కథీడ్రల్‌లో జీతం తీసుకునే వాద్యకారులు గాయకులతో కలిసి వాయించేవారు. ఎవరు ఎప్పుడు అలంకారాలు చేయాలో, ఒకేసారి ఇద్దరు చేస్తే ఎంత వికారంగా ఉంటుందో చెబుతూ 1586లో అక్కడి స్వరకర్త ఫ్రాన్సిస్కో గెరేరో ఇచ్చిన సూచనలు మిగిలి ఉన్నాయి. ఈ వైభవం తెలియాలంటే రాబర్ట్ హాలింగ్‌వర్త్ నడిపే ఐ ఫాజోలీనీ బృందం 2011లో డెక్కాకు చేసిన రికార్డింగు వినాలి. అలెస్సాండ్రో స్ట్రిజ్జో రాసిన 40 గొంతుల మాస్ చాలాకాలం పోయిందనుకున్నారు. డేవిట్ మొరోనీ 2005లో ప్యారిస్‌లోని ఫ్రెంచ్ జాతీయ గ్రంథాలయంలో దాన్ని గుర్తించాడు. చివరి భాగంలో గొంతులు 60కి చేరతాయి. వయోల్‌లు, కార్నెట్టులు, సాక్‌బట్‌లు వంటి ఆనాటి తంత్రీ, ఊదు వాద్యాలు గొంతులతో కలిసి మోగే ఆ చివరి నిమిషాల్లో, ఇది కేవలం ప్రశాంతతకు సంబంధించిన సంగీతం అన్న అపోహ తొలగిపోతుంది.

టాలిస్ 40 గొంతుల 'స్పెమ్ ఇన్ ఆలియుమ్' వేరే రకమైన పరీక్ష. అయిదేసి గొంతుల ఎనిమిది బృందాలు వినేవారి చుట్టూ ఉన్నట్లు ఊహించి రాసిన ఆ కృతి రెండు స్పీకర్లలోకి ఇమడదు. ఏ స్టీరియో రికార్డింగైనా దాన్ని కొంత బల్లపరుపు చేస్తుంది. దీనికి చక్కని పరిష్కారం కెనడా కళాకారిణి జానెట్ కార్డిఫ్ 2001లో రూపొందించిన ప్రదర్శనలో దొరికింది. సాల్స్‌బరీ కథీడ్రల్ బృందంతో పాడించి, ఒక్కో గొంతును విడిగా రికార్డు చేసి, 40 స్పీకర్లను గది చుట్టూ నిలబెట్టింది. ఒక స్పీకర్ దగ్గర ఒకే గాయకుడు వినిపిస్తాడు. మధ్యకు వస్తే అందరూ వినిపిస్తారు. ఎప్పుడైనా మీరున్న నగరానికి ఆ ప్రదర్శన వస్తే వెళ్లండి. ఇంట్లో వినేటప్పుడైతే ఫోను స్పీకరు వద్దు, మంచి హెడ్‌ఫోన్లు వాడండి.

ఇంగ్లీషు ధ్వనిని పూర్తిగా తిరస్కరించిన బృందాలు కూడా ఉన్నాయి. మార్సెల్ పెరేస్ నడిపిన ఆన్సాంబ్ల్ ఒర్గనుమ్, బ్యోర్న్ ష్మెల్జర్ నడిపే గ్రాండెలావా మధ్యధరా ప్రాంతపు మౌఖిక గాన సంప్రదాయాల నుంచి స్ఫూర్తి పొంది, జారుడు స్వరాలతో, మందపాటి గొంతులతో పాడతాయి. వారి చారిత్రక వాదనలు అన్నీ నన్ను ఒప్పించలేదు. అలంకారాల మధ్య స్వరకర్త అల్లిక కనిపించకుండా పోయే చోట్లు ఉన్నాయి. అయినా 15వ శతాబ్దపు స్వరకర్త ఒకెగెమ్ రెక్వియెమ్‌ను (మృతుల కోసం పాడే మాస్‌ను) పెరేస్ బృందం పాడిన తీరు విన్నాక, ఆ కృతిని చల్లగా, దూరంగా పాడటం నాకు ఎప్పటికీ సరిపోదనిపించింది.

వినే వరుస చెప్పమంటే ఇలా చెబుతాను. మిస్సా పాపే మార్చెల్లిని టాలిస్ స్కాలర్స్‌లో విన్నాక ఒదెకాతోన్‌లో వినండి. తరువాత పాలెస్ట్రీనాకు ముందుతరం స్వరకర్త జోస్కాన్ 'మిస్సా పాంజె లింగ్వా'కు వెళ్లండి. టాలిస్ స్కాలర్స్ రికార్డింగు 1987లో గ్రామఫోన్ పత్రిక వారి ఆ ఏటి ఉత్తమ రికార్డుగా ఎంపికైంది. ప్రాచీన సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అదే మాస్‌ను ఒర్గనుమ్ కూడా రికార్డు చేసింది కనుక రెండు లోకాలనూ ఒకే కృతిలో పోల్చుకోవచ్చు. కొనడం విషయానికి వస్తే, వెస్ట్‌మినిస్టర్ కథీడ్రల్, చింక్వెచెంతో, బ్రబాంట్ ఎన్సెంబుల్ వంటి బృందాల రికార్డింగులున్న హైపీరియన్ సంస్థ కేటలాగు చాలాకాలం స్ట్రీమింగులో దొరకలేదు. 2023లో ఆ సంస్థ యూనివర్సల్ చేతికి వెళ్లిన తరువాత అందుబాటులోకి రావడం మొదలైంది. కనుక సీడీలకు దిగుమతి ఖర్చు పెట్టేముందు మీ స్ట్రీమింగు సేవలో వెతకండి. వీలైతే రికార్డింగుతో వచ్చే పుస్తికలో కృతి ఏ శ్రుతికి మార్చి పాడారో, వరుసకు ఎంతమందో చూడండి. మంచి బృందాలు ఆ వివరాలు దాచవు.

ఒక్క పనిమాత్రం ముందు చేయండి. మీ దగ్గరున్న మూడు రికార్డింగుల్లోనూ మాస్ చివరనున్న రెండో ఆన్యుస్ దేయి భాగాన్ని వెతకండి. అక్కడ గొంతులు ఆరు నుంచి ఏడుకు పెరుగుతాయి, వాటిలో మూడు ఒకే రాగవరుసను ఒకదాని వెనుక ఒకటి అనుసరిస్తాయి. ఆ మూడింటినీ మీ చెవి ఏ రికార్డింగులో చివరిదాకా పట్టుకోగలిగితే, ప్రస్తుతానికి మీకు కావలసిన రికార్డింగు అదే.